గుడ్ల శీతల గది: కంట్రోల్ ప్యానెల్ సంరక్షణ, లోపాల గుర్తింపు

(కడంబూరు పరిసర గ్రామాల పట్టు రైతుల కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)



మల్బరీ కత్తిరింపులు, ఎరువులు, ఊజి ఈగ నివారణ గురించి మీరు చాలాసార్లు విని ఉంటారు. ఈ రోజు మాట్లాడబోయేది ఒక ఇనుప పెట్టె గురించి. పట్టు గుడ్లను నిల్వచేసే శీతల గది పక్కన గోడకు బిగించి ఉండే కంట్రోల్ ప్యానెల్ అది. ఎరుపు, పసుపు, నీలం దీపాలు, ఒక మీటరు, రెండు మూడు బటన్లు పైకి కనిపిస్తాయి. "అది ఎలక్ట్రీషియన్ పని, మనకెందుకు?" అనుకోవడం సహజమే. కాని మీరు పొదిగించే గుడ్డు మీ చేతికి వచ్చే ముందు ఎన్నో రోజులు, ఒక్కోసారి నెలల తరబడి ఆ పెట్టె కాపలాలో ఉంటుంది. అక్కడ ఒక్క రాత్రి కాపలా తప్పితే దాని ఫలితం మీ తట్టల్లో కనిపిస్తుంది.

ఇప్పుడు చాలా చోట్ల రైతులు సంఘాలుగా చేరి చాకీ కేంద్రాలు నడుపుతున్నారు. కొన్ని చోట్ల చిన్న శీతల గదులు కూడా ఉంటాయి. వాటి దగ్గర రాత్రి కాపలా ఉండేది ఇంజనీరు కాదు, మనలో ఒకరు, మన ఇంటి పిల్లవాడు. ఎర్ర దీపం వెలిగినప్పుడు ఏం చేయాలో, ముఖ్యంగా ఏం చేయకూడదో అతనికి తెలిసి ఉండాలి. ఈ ప్రసంగం అందుకోసమే.

మన ఊళ్ళో లేని చలికాలం

ముందుగా గుడ్డుకు చలి ఎందుకో తెలుసుకుందాం. బైవోల్టిన్ తల్లి చిలుక పెట్టిన గుడ్లు సాధారణంగా వెంటనే పొదగవు. లోపలి పిండం నిద్రలోకి వెళుతుంది. చలికాలం గడిస్తేనే ఆ నిద్ర సవ్యంగా వదులుతుంది. పిండం పెరుగుదల మీద చలి ప్రభావాన్ని లూయీ పాస్టర్ శిష్యుడు డ్యూక్లో 1869లోనే ఫ్రాన్సులో వివరించాడు. ఆ దేశంలో మంచు కురుస్తుంది. కోవిల్‌పట్టి, కడంబూరు ప్రాంతంలో మార్గశిరంలో కూడా దుప్పటి కప్పుకునేంత చలి ఉంటే గొప్ప. గుడ్డుకు కావలసిన 5 డిగ్రీలు, 2.5 డిగ్రీలు మన ఆకాశం ఇవ్వదు. అందుకే ఆ చలికాలాన్ని ఒక గదిలో మనమే తయారు చేస్తాం.

నిద్రావస్థ గుడ్లను ఒక్కసారిగా చలిలో పెట్టరు. 25 డిగ్రీల నుండి మెట్లు మెట్లుగా దించుతూ 5 డిగ్రీలకు, తరువాత 2.5 డిగ్రీలకు తెస్తారు. నిల్వ కాలాన్ని బట్టి 4 నెలలు, 6 నెలలు, 10 నెలల పద్ధతులున్నాయి. గాలిలో తేమ 75 నుండి 80 శాతం ఉండేటట్లు చూస్తారు. చిలుక గుడ్లు పెట్టిన 20 నుండి 24 గంటల్లో వేడి ఆమ్లంలో శుద్ధిచేసి నిద్ర తప్పించిన గుడ్లను కూడా, విడుదల వాయిదా వేయవలసి వస్తే, కొద్ది రోజులు 5 డిగ్రీల్లో ఉంచుతారు.

నిల్వలో ఉన్న గుడ్డు ప్రాణం లేని సరుకు కాదు. శ్వాసిస్తున్న పిండం. చలి తగ్గితే మేల్కొని పెరగడం మొదలుపెడుతుంది. మళ్ళీ చలి తగిలితే ఆగుతుంది. ఇలా రెండు మూడు సార్లు జరిగితే కొన్ని గుడ్లు చనిపోతాయి, కొన్ని ముందుగా, కొన్ని ఆలస్యంగా పొదుగుతాయి. ఒకే రోజు పొదగవలసిన గుడ్లు మూడు రోజులు పొదిగితే ఏమవుతుందో మీకు చెప్పనవసరం లేదు. ఒకే తట్టలో కొన్ని పురుగులు జ్వరంలో ఉంటాయి, కొన్ని ఆకు తింటుంటాయి. మేత ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు వేయాలో తెలియదు. బలహీన పురుగులకు రోగాలు త్వరగా సోకుతాయి. చివరికి చంద్రికల మీద కూడా పండిన పురుగు, పండని పురుగు కలిసే ఉంటాయి.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక తల్లి చిలుక పెట్టిన గుడ్ల గుంపును ఒక లేయింగ్ అంటాం. 100 లేయింగ్‌లలో ఇంచుమించు 40 నుండి 50 వేల గుడ్లుంటాయి. గదిలో 5,000 లేయింగ్‌లు ఉన్నాయనుకోండి. రైతుకు 200 చొప్పున అది 25 కుటుంబాల పంట. ఆ ఇనుప పెట్టె దగ్గర కాపలా ఉన్న మనిషి 25 ఇళ్ళకు కాపలా ఉన్నట్లే.

ప్యానెల్‌లో ఏముంటుంది?

గదిని చల్లబరిచేది కంప్రెసర్, దానితో పాటు పనిచేసే ఫ్యాన్లు, గొట్టాలు, గ్యాసు. వీటిని ఎప్పుడు నడపాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది ప్యానెల్. అందులోని ముఖ్య భాగాలు ఇవి.

మెయిన్ స్విచ్, ఎం.సి.బి.: కరెంటు లోపలికి వచ్చే తలుపు. షార్ట్ సర్క్యూట్ అయితే ఎం.సి.బి. తనంతట తాను పడిపోతుంది.

సింగిల్ ఫేజ్ ప్రివెంటర్: మూడు ఫేజుల్లో ఒకటి పోయినా, వోల్టేజీల్లో తేడా ఎక్కువైనా మోటారును ఆపుతుంది. కొన్ని రకాలు ఫేజుల వరుస మారినా ఆపుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేసిన తరువాత బోరు మోటారు వెనక్కి తిరగడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా అదే జరగవచ్చు. కొన్ని రకాల కంప్రెసర్లు వెనక్కి తిరిగితే కొద్దిసేపట్లోనే పాడవుతాయి.

కాంటాక్టరు: 'టక్' మని శబ్దం చేసేది ఇదే. లోపలి కాయిల్‌కు కరెంటు అందగానే అయస్కాంతంలా లాగి మోటారుకు కరెంటు కలుపుతుంది.

ఓవర్‌లోడ్ రిలే: మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగితే దీనిలోని రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగుతుంది, కాంటాక్టరును విడిపిస్తుంది.

థర్మోస్టాట్: గదిలోని సెన్సారు చెప్పే వేడిని బట్టి కంప్రెసర్‌ను నడుపుతుంది, ఆపుతుంది. ఈ రోజుల్లో ఎక్కువగా అంకెలు చూపే ఎలక్ట్రానిక్ రకం వాడుతున్నారు.

హై ప్రెషర్, లో ప్రెషర్ కటౌట్లు: గొట్టాల్లో గ్యాసు ఒత్తిడి మితిమీరి పెరిగితే మొదటిది, మరీ తగ్గితే రెండవది కంప్రెసర్‌ను ఆపుతాయి.

టైమర్లు: ఒకటి కంప్రెసర్ ఆగిన తరువాత కనీసం 3 నిమిషాలు మళ్ళీ మొదలుకాకుండా చూస్తుంది. రెండవది లోపలి కాయిల్ మీద పేరుకున్న మంచును వేళప్రకారం కరిగిస్తుంది.

అలారం: గదిలో వేడి హద్దు దాటితే మోగుతుంది. ఇది మనిషిని నిద్ర లేపడానికి ఉన్నది. శబ్దం చికాకుగా ఉందని దీని వైరు పీకితే మిగతావన్నీ ఉండి ప్రయోజనం లేదు.

ట్రిప్ అయితే ముందు కారణం, తరువాత రీసెట్

ఈ ప్రసంగంలో మీరు ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు అనుకుంటే, అది ఇదే. ప్యానెల్ ట్రిప్ అయిందంటే ప్యానెల్ చెడిపోయిందని అర్థం కాదు. అది తన పని తాను చేసింది. ఎక్కడో ఏదో తప్పు జరిగిందని మనకు చెబుతోంది. కడంబూరు స్టేషనుకు వచ్చే రైలుకు ఎర్ర సిగ్నల్ పడితే డ్రైవరు దిగివచ్చి దీపం పగలగొట్టి బండి నడపడు. ముందున్న పట్టాల మీద ఏదో ఉందని ఆగుతాడు. రీసెట్ బటన్‌ను కారణం తెలుసుకోకుండా నొక్కడం సిగ్నల్ దీపాన్ని పగలగొట్టడం లాంటిదే.

ఉదాహరణకు మే నెల, మధ్యాహ్నం 2 గంటలు అనుకోండి. బయట ఎండ మండుతోంది. కరిసల్ నేల దుమ్ము గాలికి లేచి కండెన్సరు రేకుల మధ్య చేరి దుప్పటిలా కప్పింది. లోపలి వేడి బయటికి పోవడం లేదు. గ్యాసు ఒత్తిడి పెరిగింది, హై ప్రెషర్ కటౌట్ మోటారును ఆపింది. కాపలా మనిషి రీసెట్ నొక్కాడు. పది నిమిషాలు నడిచి మళ్ళీ ఆగింది. మళ్ళీ నొక్కాడు. మోటారు మొదలయ్యే ప్రతిసారీ మామూలు కంటే 5 నుండి 7 రెట్లు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. చల్లారే వ్యవధి లేక వైండింగ్ వేడెక్కుతూ పోతుంది. సాయంత్రానికి కంప్రెసర్ కాలిపోతుంది. కొత్తది తెచ్చి బిగించి, గ్యాసు నింపేసరికి ఎన్నో రోజులు పడుతుంది. మొదటి ట్రిప్‌కే మెయిన్ స్విచ్ ఆపి, మెత్తని బ్రష్‌తో కండెన్సరు శుభ్రం చేసి ఉంటే అరగంట పని.

అందువల్ల నియమం ఇలా పెట్టుకోండి. ట్రిప్ అయినప్పుడు ఏ దీపం వెలుగుతోందో, వోల్టుమీటరులో ఎంత ఉందో, గడియారంలో ఎంతయిందో ముందు పుస్తకంలో రాయాలి. కంటికి కనిపించే కారణం ఉంటే సరిచేయాలి. 5 నిమిషాలు ఆగి ఒక్కసారి రీసెట్ చేయవచ్చు. మళ్ళీ ట్రిప్ అయితే ఇక ముట్టుకోకూడదు. మెకానిక్‌ను పిలిపించి, గుడ్లను కాపాడే పని మొదలుపెట్టాలి. ఎం.సి.బి. పడినా, కాలిన వాసన వచ్చినా ఆ ఒక్కసారి కూడా వద్దు.

రోజువారీ, వారం, నెల పనులు

ప్రతి రోజూ మూడు పూటలా: గదిలో వేలాడదీసిన అద్దపు థర్మామీటరును చూసి రాయాలి. ప్యానెల్ మీది అంకెను కూడా రాయాలి. రెండింటి మధ్య తేడా ఒక డిగ్రీ దాటితే ఏదో ఒకటి తప్పు చెబుతోంది. మూడు ఫేజుల వోల్టేజీ చూడాలి. రెండు ఫేజుల మధ్య 415 వోల్టులు ఉండాలి. 390 కంటే తగ్గినా, 440 దాటినా యంత్రం నడపడం మంచిది కాదు. మూడు జతల మధ్య తేడా 10 వోల్టులు దాటితే ఈ.బి. వారికి తెలియజేయాలి. అమ్మీటరులో రోజూ ఉండే అంకె ఎంతో తెలిసి ఉంటే, అది మారిన రోజు మీకే తెలుస్తుంది. చెవిని కూడా వాడండి. కాంటాక్టరు 'గుయ్' మని మోత పెడుతోందా, ఫ్యాన్ గరగరలాడుతోందా గమనించండి.

వారానికి ఒకసారి: మెయిన్ ఆపి కండెన్సరు దుమ్ము తీయాలి. మార్చి నుండి ఆగస్టు వరకు, దుమ్ము గాలుల కాలంలో, వారానికి రెండుసార్లు తీసినా తప్పులేదు. తలుపు అంచుల రబ్బరు చూడాలి. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే అక్కడ చలి పోతోందని అర్థం. నీరు పోయే గొట్టం మూసుకుపోకుండా చూడాలి. అలారాన్ని ఒకసారి మోగించి పరీక్షించాలి.

నెలకు ఒకసారి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత: మెయిన్ ఆపి, తాళం వేసి, టెస్టర్‌తో కరెంటు లేదని నిర్ధారించుకున్న తరువాతే ప్యానెల్ తలుపు తీయాలి. అన్ని టెర్మినల్ స్క్రూలు బిగించాలి. మోటారు అదురుకు స్క్రూలు వదులవుతాయి. వదులైన చోట వేడి పుడుతుంది, వైరు తొడుగు నల్లబడుతుంది. ప్యానెళ్ళలో మంటలు చాలావరకు ఇలా వదులైన స్క్రూ దగ్గరే మొదలవుతాయి. దుమ్మును పొడి బ్రష్‌తో తీయాలి, తడిగుడ్డ వాడకూడదు. వైర్లు వచ్చే రంధ్రాలన్నీ మూసి ఉన్నాయో లేదో చూడాలి. వెచ్చదనం కోసం బల్లులు, చీమలు లోపల చేరతాయి. కాంటాక్టరు ముఖాల మధ్య బల్లి ఇరుక్కుని యంత్రం ఆగిపోవడం మన పల్లెల్లో అరుదు కాదు.

ఆరు నెలలకు ఒకసారి: ఎర్త్ నిరోధం కొలిపించాలి, మోటారుకు మెగ్గర్ పరీక్ష చేయించాలి. మన నల్లరేగడి వేసవిలో బెత్తెడు వెడల్పున పగులుతుంది. ఎర్త్ గుంటలో మట్టి కడ్డీని వదిలేస్తుంది. అందుచేత వేసవి పొడుగునా ఎర్త్ గుంటకు నీళ్ళు పోయాలి. ఐప్పసి, కార్తీక మాసాల్లో వచ్చే ఈశాన్య రుతుపవనాల ఉరుములకు ముందే పిడుగు రక్షణ పరికరాన్ని చూపించుకోవాలి. మెరుపు దెబ్బకు ముందుగా పోయేది ఎలక్ట్రానిక్ థర్మోస్టాటే. ఒకటి అదనంగా కొని ఉంచుకోవడం మంచిది.

థర్మామీటరు నిజం చెబుతోందో లేదో ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక గ్లాసులో నలగగొట్టిన ఐస్ నిండుగా వేసి, కొద్దిగా మంచినీళ్ళు పోసి బాగా కలపాలి. అందులో థర్మామీటరు మొన ఉంచితే కొద్ది నిమిషాల్లో సున్నా డిగ్రీ చూపాలి. ఒక డిగ్రీ తేడా చూపితే ఆ తేడాను దాని మీదే రాసి అంటించండి.

లోపం, గుర్తు, కారణం

1. దీపాలేవీ వెలగడం లేదు: లైనులో కరెంటు ఉందో లేదో, మెయిన్ స్విచ్, ఎం.సి.బి. ఎలా ఉన్నాయో చూడాలి. మూడు దీపాల్లో ఒకటే ఆరి ఉంటే ఆ ఫేజు పోయి ఉండవచ్చు, లేక బల్బు కాలి ఉండవచ్చు. వోల్టుమీటరు సెలెక్టర్ తిప్పి చూస్తే తెలుస్తుంది.

2. మూడు దీపాలు ఉన్నాయి, కాంటాక్టరు లాగడం లేదు: ముందుగా గది వేడి చూడండి. కావలసిన చల్లదనం వచ్చి థర్మోస్టాట్ తానే ఆపి ఉండవచ్చు. 3 నిమిషాల టైమర్ నడుస్తూ ఉండవచ్చు. అవి కాకపోతే ప్రివెంటర్, ఓవర్‌లోడ్, ప్రెషర్ కటౌట్లలో ఏదైనా ట్రిప్ అయిందా, కంట్రోల్ ఫ్యూజ్ పోయిందా అని వరుసగా చూడాలి.

3. కాంటాక్టరు టకటకా కొట్టుకుంటోంది: వోల్టేజీ తక్కువ కావచ్చు. ముఖాల మధ్య దుమ్ము, తుప్పు చేరి ఉండవచ్చు. ఎక్కడో కంట్రోల్ వైరు వదులై ఉండవచ్చు. వెంటనే ఆపాలి. అలాగే వదిలితే మొనలు కాలి అతుక్కుపోతాయి. మొనలను ఆకురాయితో రుద్దకూడదు. పైన ఉన్న వెండి పూత పోతుంది. కాలినవి మార్చడమే సరైనది.

4. ఓవర్‌లోడ్ ట్రిప్: తక్కువ వోల్టేజీ, ఫేజుల తేడా, వదులు స్క్రూ, మురికి కండెన్సరు, అరిగిన బేరింగ్. రిలే అమరిక మోటారు ప్లేటు మీది ఆంపియర్లకు సరిపోవాలి. ట్రిప్ అవుతోందని అమరిక పెంచడం జ్వరం తగ్గలేదని థర్మామీటరు విరగ్గొట్టడం లాంటిది.

5. హై ప్రెషర్ ట్రిప్: కండెన్సరులో దుమ్ము, బయటి ఫ్యాన్ ఆగిపోవడం, వేడిగాలి పోయే దారికి గోనెసంచులు, సామాను అడ్డం పెట్టడం, గ్యాసు మరీ ఎక్కువ నింపడం.

6. లో ప్రెషర్ ట్రిప్: గ్యాసు కారిపోవడం, ఫిల్టర్ మూసుకుపోవడం, లోపలి కాయిల్ అంతా మంచు కట్టడం, లోపలి ఫ్యాన్ ఆగడం. గొట్టాల అతుకుల దగ్గర నూనె మరక కనిపిస్తే అక్కడే లీకు ఉండవచ్చు. సబ్బు నురుగు రాస్తే బుడగలు వస్తాయి. లీకు మూయకుండా గ్యాసు నింపించుకోవడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. పాత యంత్రాల్లోని ఆర్-22 గ్యాసును ఓజోన్ పొర రక్షణ కోసం దశలవారీగా తగ్గిస్తున్నారు. ఏ గ్యాసు ఉన్నదో ప్లేటు మీద చూసి అదే నింపించాలి. ఒక గ్యాసులో మరొకటి కలపకూడదు.

7. కంప్రెసర్ నడుస్తూనే ఉంది, చలి రావడం లేదు: తలుపు పదేపదే తెరవడం, రబ్బరు చినగడం, మంచు కరిగించే టైమర్ పనిచేయక కాయిల్ గడ్డకట్టడం. గడ్డకట్టిన మంచును కత్తితో, స్క్రూడ్రైవర్‌తో చెక్కకూడదు. గొట్టానికి చిల్లు పడితే గ్యాసంతా పోతుంది.

8. చలి కావలసినదానికంటే ఎక్కువైంది: దీన్ని చాలామంది లోపంగానే చూడరు. సెన్సారు తన చోటు నుండి జారి తలుపు దగ్గర వేలాడుతుండవచ్చు. కాంటాక్టరు మొనలు అతుక్కుపోయి ఉండవచ్చు. థర్మోస్టాట్ "ఆపు" అన్నా మోటారు ఆగదు. గది గడ్డకట్టే స్థితికి పోతుంది. నిద్ర వదిలిన గుడ్లకు ఇది వేడికంటే తక్కువ ప్రమాదం కాదు. ఇటువంటప్పుడు మెయిన్ స్విచ్‌తో ఆపాలి.

చేయకూడని పనులు

మన ప్రాంతంలో ఇవి జరుగుతుంటాయి కాబట్టి స్పష్టంగా చెబుతున్నాను.

మొదటిది: కాంటాక్టరు నిలవడం లేదని సందులో పుల్ల దోపడం. కోవిల్‌పట్టి చుట్టుపక్కల అగ్గిపుల్లలకు కొరత లేదు. కాని అగ్గిపుల్ల పొయ్యి వెలిగించడానికే గాని కాంటాక్టరులో దోపడానికి కాదు. దోపినచోట ఓవర్‌లోడ్, ప్రెషర్ కటౌట్, థర్మోస్టాట్, ఏదీ మోటారును ఆపలేదు.

రెండవది: ఫ్యూజ్ బదులు రాగి తీగ చుట్టడం.

మూడవది: కటౌట్ వైర్లను కలిపి బైపాస్ చేయడం. "మెకానిక్ వచ్చేదాకా" అని చేసినది సంవత్సరాల తరబడి అలాగే ఉండిపోతుంది.

నాల్గవది: పొలంలో రెండు ఫేజులే వచ్చినప్పుడు కెపాసిటర్ పెట్టి బోరు మోటారు నడిపే అలవాటు కొందరికి ఉంది. ఆ కిటుకు శీతల గదికి పనికిరాదు. మూడో ఫేజు లేకుండా కంప్రెసర్ నడిపితే వైండింగ్ కాలుతుంది. మూడు ఫేజులు లేని గంటలకు జనరేటర్ ఒక్కటే మార్గం. జనరేటర్ ఫేజుల వరుస, ఈ.బి. ఫేజుల వరుస ఒకటేనని ముందే పరీక్ష చేయించి పెట్టుకోవాలి.

ఐదవది: తడి చేతులతో, చెప్పులు లేకుండా, ఒంటరిగా ప్యానెల్ తెరవడం. మెయిన్ ఆపినా కెపాసిటర్లలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. గుడ్లు పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు, మనిషిని తెచ్చుకోలేం.

చల్లదనం ఆగినప్పుడు గుడ్లను కాపాడటం

యంత్రం ఆగగానే చాలామంది తలుపు తీసి లోపల చూస్తారు. అదే పెద్ద తప్పు. తలుపు మూసి ఉంచితే మంచి ఇన్సులేషన్ ఉన్న గది కొన్ని గంటలు చలిని నిలుపుతుంది. తెరిచిన ప్రతిసారీ ఆ వ్యవధి తగ్గుతుంది.

ఆగిన సమయం రాయండి. తలుపుకు "తెరవరాదు" అని కాగితం అంటించండి. జనరేటర్ నడపండి. లోపం సరఫరాలో కాక యంత్రంలోనే ఉంటే మెకానిక్‌కు, గుడ్లు ఇచ్చిన గ్రెయినేజికి వెంటనే కబురు చేయండి. ఏ బ్యాచ్ ఏ స్థితిలో ఉందో, ఎంత వేడి వరకు తట్టుకోగలదో చెప్పగలిగేది వారే. తరలించవలసి వస్తే థర్మోకోల్ పెట్టెల్లో, అడుగున, పక్కలకు ఐస్ సీసాలు పేర్చి, మధ్యలో గుడ్లు ఉంచండి. ఐస్ గుడ్లకు తగలకుండా గుడ్డ, అట్ట అడ్డం పెట్టాలి. గుడ్లు తడవకూడదు. గాలి ఆడేందుకు సందు ఉండాలి. పెట్టెలో ఒక థర్మామీటరు ఉంచాలి. బస్సు టాపు మీద, ఎండలో, పురుగుమందు సీసాల పక్కన పెట్టి తేకూడదు.

ఇంటి ఫ్రిజ్‌లో పెట్టవచ్చా అని అడుగుతారు. వద్దు. దాని తలుపు దగ్గర ఒక వేడి, ఫ్రీజర్ కింద మరో వేడి. గాలి పొడిగా ఉంటుంది. వంటింటి తలుపు రోజుకు ముప్పై సార్లు తెరుస్తారు.

కరెంటు తిరిగి వచ్చిందని వేడెక్కిన గుడ్లను మాట్లాడకుండా మళ్ళీ చలిలోకి నెట్టేయడం కూడా సరికాదు. ఎన్ని గంటలు, ఎంత వేడిలో ఉన్నాయో చెప్పి, గ్రెయినేజి సలహా ప్రకారం నడచుకోవాలి. కొన్నిసార్లు ఆ గుడ్లను వెంటనే 25 డిగ్రీలు, 80 నుండి 85 శాతం తేమలో పొదిగించడమే మేలు కావచ్చు.

ఉష్ణోగ్రత పుస్తకం చూడండి

పట్టు గుడ్ల ఉత్పత్తి, అమ్మకం ఇష్టం వచ్చినట్లు జరిగే పని కాదు. 2006లో కేంద్ర పట్టు బోర్డు చట్టాన్ని సవరించి, 2010లో పట్టు విత్తన నిబంధనలు తెచ్చారు. గుడ్లు తయారుచేసేవారు, చాకీ పురుగులు పెంచి అమ్మేవారు రిజిస్టరు కావలసి ఉంటుంది. మీరు గుడ్లు తీసుకునేటప్పుడు గుడ్ల సంఖ్య, బ్యాచ్ నంబరు చూస్తున్నారు. ఇకమీదట మరో మాట కూడా అడగండి. "ఈ బ్యాచ్ చలిలో ఎప్పుడు పెట్టారు, ఎప్పుడు తీశారు? ఉష్ణోగ్రత పుస్తకం ఒకసారి చూపండి" అనండి. ఇది అనుమానం కాదు. ఎరువు బస్తా మీద తేదీ చూడటం లాంటిదే.

పుస్తకం చూసేటప్పుడు ఒక కిటుకు చెబుతాను. నెలంతా మూడు పూటలా 5, 5, 5 అని ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో రాసి ఉంటే దాన్ని నమ్మకండి. నిజమైన గది 4.6, 5.2, 5.4 అని కదులుతుంది. "రాత్రి 11.40కి ట్రిప్, ఒక ఫేజు లేదు, జనరేటర్ 12.05కి, గది 5.8" అని రాసిన పేజీ ఉన్న పుస్తకమే మంచి పుస్తకం. అటువంటి పేజీ రాసిన కాపలా మనిషిని మందలించకండి. మెచ్చుకోండి. మందలిస్తే వచ్చే నెల నుండి అతను కూడా 5, 5, 5 అని రాస్తాడు. అప్పుడు నష్టపోయేది మనమే.

మరో మాట కూడా న్యాయంగా చెప్పాలి. పంట పోయిన ప్రతిసారీ తప్పు శీతల గదిది కాదు. పెబ్రిన్ తల్లి చిలుక నుండి గుడ్డు ద్వారా వస్తుంది, లేదా కలుషితమైన ఆకు ద్వారా సోకుతుంది. దానికి సూక్ష్మదర్శిని పరీక్ష, శుద్ధి ముఖ్యం. ఇంటి శుద్ధి చేయకపోయినా, లేత పురుగుకు ముదురు ఆకు వేసినా పంట దెబ్బతింటుంది. పుస్తకం ఉంటే శీతల గది తప్పా, మన తప్పా అన్నది తగాదా లేకుండా తేలుతుంది.

మీ సంఘంలో ఈ వారమే నాలుగు పనులు చేయండి. ఇద్దరు యువకులను ఎంచి ప్యానెల్ దీపాలు, మీటర్లు చదవడం నేర్పించండి. ఒక అద్దపు థర్మామీటరు, ఒక గట్టి అట్ట పుస్తకం కొనండి. కంట్రోల్ ఫ్యూజులు, ఒక కాంటాక్టరు కాయిల్, ఒక సెన్సారు అదనంగా కొని తాళం పెట్టెలో ఉంచండి. మెకానిక్, ఈ.బి. ఆఫీసు, గ్రెయినేజి ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి ప్యానెల్ పక్కన అంటించండి. ఖర్చు తక్కువ, కాపాడేది పాతిక కుటుంబాల కష్టం.

మన తాతముత్తాతలు ఈ కరిసల్ నేలకు వచ్చి వానను నమ్ముకుని పత్తి, కంబు పండించారు. వాన మన చేతిలో లేదు. గుడ్లకు కావలసిన ఈ చలికాలం మాత్రం మన చేతిలోనే ఉంది. దాన్ని శ్రద్ధగా కాపాడుకుని, ఒకే రోజు పొదిగే గుడ్లతో, ఒకే జ్వరంలో నిద్రపోయే పురుగులతో మంచి పంటలు తీస్తారని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను.